పేరు మార్చుకోని అమ్మాయి

ఏటూరునాగారంలో బడి వార్షికోత్సవమంటే ఊరంతటికీ పండుగే. గోదావరి ఒడ్డు పల్లెల నుంచి, అడవి అంచు గూడేల నుంచి తల్లిదండ్రులు పొద్దు గూకకముందే వచ్చి కూర్చుంటారు. కోయ పిల్లలు డోలు చప్పుడుకు అడుగులు కలుపుతారు. తక్కిన పిల్లలు ఏదో ఒక పాత సినిమా పాట ఎంచుకుంటారు. కొన్నేళ్ళ కిందట ఇలాగే పిల్లలకు ఆట నేర్పుతున్న రోజుల్లో ఒక పెద్దమనిషి బడికి వచ్చారు. ఏడో తరగతి చదివే ఒక బాలికకు ఆయన మేనమామ. ఆ బాలిక తండ్రి పోయి రెండేళ్ళయింది. తల్లి బట్టలు కుట్టి ఇల్లు నడుపుతోంది.

"మౌల్వీ సాబ్, మా పిల్ల పేరు ఆ డాన్సు జాబితాలో నుంచి కొట్టెయ్యండి. మన ఇళ్ళ ఆడపిల్లలు స్టేజీ ఎక్కి ఆడటమేమిటి? రేపు దానికి సంబంధం చూడాల్సింది నేనే కదా" అన్నారాయన.

తల్లి గడప దగ్గర నిలబడి ఉంది. నోరు విప్పలేదు. పిల్ల తల వంచుకొని కాలి బొటనవేలితో నేల రాస్తోంది.

ఏ పాటకు ఆడుతున్నారని పంతులమ్మను అడిగాను. 'రోజులు మారాయి' సినిమాలోని ఏరువాక పాట అన్నారు. ఆ మాట వినగానే నాకు నవ్వు వచ్చింది. వెంటనే సిగ్గూ కలిగింది. నవ్వు ఎందుకు వచ్చిందో ఈ వ్యాసం చదివితే తెలుస్తుంది. సిగ్గు మాత్రం నా సొంత విషయం. ఇరవై ఏళ్ళ కిందట ఇలాంటి కోరికతోనే ఒక తండ్రి వస్తే, ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఒక బాలిక పేరును నా చేత్తోనే కొట్టేశాను. ఆ తరువాత ఆ బాలిక వైపు చూడటానికి నాకు చాలా రోజులు మొహం చెల్లలేదు.

"కూర్చోండి భాయ్‌సాబ్. చాయ్ తాగుదాం. ఆ పాటకు మొట్టమొదట ఆడిన అమ్మాయి ఎవరో చెబుతాను. ఆ తరువాత కూడా కొట్టెయ్యమంటే కొట్టేస్తాను" అన్నాను. ఆ రోజు ఆయనకు చెప్పిందీ, చాయ్ చల్లారిపోవడంతో చెప్పలేకపోయిందీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

నృత్యం, సంగీతం విషయంలో ఉలమాల అభిప్రాయాలేమిటో నాకు తెలియనివి కావు. వాటిని చర్చించడానికో, మార్చడానికో నేను కలం పట్టలేదు. ఫత్వా చెప్పేవారు వేరే ఉన్నారు. నేను బడిపంతుల్ని. ఒక ఆడపిల్ల జీవితాన్ని చూసి మనం నేర్చుకోవలసింది ఏమైనా ఉందా అన్నదే నా ప్రశ్న.

జాతకం లేని శిష్యురాలు

వహీదా రెహ్మాన్ 1938 ఫిబ్రవరి 3న తమిళనాడులోని చెంగల్పట్టులో జన్మించారు. తండ్రి మహమ్మద్ అబ్దుర్రహ్మాన్ ప్రభుత్వాధికారి. తల్లి ముంతాజ్ బేగం. నలుగురు అక్కచెల్లెళ్ళలో వహీదాయే చిన్నది. తండ్రి ఉద్యోగరీత్యా బదిలీల మీద తిరిగిన కుటుంబం విశాఖపట్నంలో కొంతకాలం ఉన్నది. అక్కడ సెయింట్ జోసెఫ్ కాన్వెంటులో ఆమె చదువుకున్నారు. ఇంట్లో మాట్లాడేది మన దక్షిణాది ముస్లిం కుటుంబాల ఉర్దూ. గడప దాటితే ఒక ఊళ్ళో తమిళం, మరో ఊళ్ళో తెలుగు. ఇటువంటి ఇల్లు మన పాఠకులకు కొత్తది కాదు. మనలో సగం మంది ఇళ్ళు అలాంటివే.

డాక్టరు కావాలని ఆ అమ్మాయి కోరిక. కాని ఆరోగ్యం సహకరించక చదువు తరచూ కుంటుపడేది. చదువుతోపాటు ఆమె మనసు పెట్టింది భరతనాట్యం మీద. అక్క సయీదా, ఆమె కలిసి నేర్చుకున్నారు. చుట్టాలు ఊరుకుంటారా? ముస్లిం ఇంటి ఆడపిల్లలకు గజ్జెలు కట్టిస్తావా అని తండ్రిని నిలదీశారు. విద్యలో చెడు లేదని, చెడు ఉంటే అది మనిషి నడవడిలో ఉంటుందని ఆయన జవాబు చెప్పారని వహీదా తరువాతి కాలంలో చెప్పుకున్నారు. ఆ తండ్రి బిడ్డల వెనుక నిలబడటానికి కారణం ఆయన దీన్ తెలియనివాడు కావడం కాదు, తన బిడ్డలు తనకు తెలిసినవాడు కావడం.

చక్రవర్తుల రాజగోపాలాచారి గవర్నర్ జనరల్‌గా ఉన్న కాలంలో, అంటే 1948కీ 1950కీ మధ్య, విశాఖకు వచ్చారు. ఆయన ముందు స్థానిక కళాకారుల ప్రదర్శన ఏర్పాటు చేయవలసి వచ్చినప్పుడు ఈ అక్కచెల్లెళ్ళిద్దరూ నాట్యం చేశారు. పత్రికలలో వారి బొమ్మలు పడ్డాయి. అంతకు ముందు మొహం చిట్లించుకున్న చుట్టాలే ఆ తరువాత మెచ్చుకున్నారట. లోకం తీరు ఇంతే. మన పిల్లను మనం గుర్తించడానికి ముందు ఎవరో పెద్దవారు గుర్తించాలి!

నాట్యం నేర్చుకునేటప్పుడు జరిగిన మరో సంగతి ఇంకా ముఖ్యమైనది. మద్రాసులో తిరుచెందూర్ మీనాక్షిసుందరం పిళ్ళై అనే గొప్ప నట్టువనారు ఉండేవారు. ఆయన దగ్గర నేర్చుకోవాలని వహీదా పట్టుబట్టారు. ముస్లిం బాలికకు నేర్పనని ఆయన మొదట కాదన్నారు. ఆమె వదలలేదు. చివరికి, నీ జాతకం తెచ్చి చూపించమన్నారు గురువుగారు. ముస్లింల ఇళ్ళలో జాతకాలెక్కడివి? లేవంటే, పుట్టిన తేదీ అడిగి తెలుసుకొని ఆయనే స్వయంగా జాతకం వేసుకున్నారు. వేసుకొని, నీవే నా చివరి శిష్యురాలివి, మేలైన శిష్యురాలివి అవుతావని చెప్పి చేర్చుకున్నారు.

ఈ సంగతి ఎన్నిసార్లు తలచుకున్నా నాకు తృప్తి తీరదు. శిష్యురాలు తన మతం దాచుకోలేదు. ఉస్తాద్ తన ఆచారం విడిచిపెట్టలేదు. తలుపు మూసి ఉన్నా ఇద్దరూ ఒక దారి వెదుక్కున్నారు. పాఠం చెప్పాలనే కోరిక గురువుకూ, నేర్చుకోవాలనే కోరిక శిష్యులకూ ఉంటే దారి దొరకక మానదు.

ఏరువాక సాగిన ఏడు

1951 ప్రాంతంలో తండ్రి చనిపోయారు. వహీదాకు అప్పటికి పదమూడేళ్ళు. జీతం ఆగిపోయిన ఇల్లు ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. నలుగురు ఆడపిల్లల తల్లి బేవా అయితే ఆమెకు మన సమాజం చెప్పే సలహా ఒక్కటే, త్వరగా పెళ్ళిళ్ళు చేసెయ్యమని. ముంతాజ్ బేగం మరో దారి పట్టారు. కూతురికి వచ్చిన విద్యను నమ్మారు.

ఆ కుటుంబాన్ని ఎరిగిన నిర్మాత సి.వి. రామకృష్ణప్రసాద్ అప్పుడు సారథి వారి 'రోజులు మారాయి' తీస్తున్నారు. తాపీ చాణక్య దర్శకుడు. అక్కినేని నాగేశ్వరరావు, షావుకారు జానకి నాయికా నాయకులు. భూస్వాముల మీద రైతుల పోరాటం కథ. అందులో ఒక జానపద నృత్యం కావలసి వచ్చింది. కొసరాజు రాఘవయ్య చౌదరి పాట రాశారు, మాస్టర్ వేణు బాణీ కట్టారు, జిక్కి పాడారు. ఆడింది పదిహేడేళ్ళ వహీదా.

1955లో సినిమా విడుదలైంది. శతదినోత్సవాలు జరుపుకొంది. ఆ పాట నాటి నుంచి నేటి వరకు తెలుగు రైతు పాటగా నిలిచిపోయింది. తొలకరి పడి జ్యేష్ఠ పౌర్ణమికి అరకలు కట్టే వేళ రేడియోలో ఆ పాట రాని ఏడు లేదని మా చిన్నతనంలో అనుకునేవాళ్ళం. మా ఊళ్ళో ఆ పాట వినబడితే నాగలి పట్టిన ఏ మతం వాడైనా ఒక్క క్షణం ఆగి వినవలసిందే. అయిదేళ్ళ తరువాత 1960లో వచ్చిన 'బంబయ్ కా బాబూ' అనే హిందీ చిత్రంలోనూ అదే బాణీని వాడుకున్నారంటే దాని బలం అర్థమవుతుంది.

ఇక్కడ పాఠకులు ఒక్క మాట గమనించాలి. తెలుగు రైతు పండుగ పాటకు రూపం ఇచ్చింది చెంగల్పట్టులో పుట్టి, ఇంట్లో ఉర్దూ మాట్లాడిన ముస్లిం బాలిక. ఆ సినిమా చూసిన లక్షలాది మందిలో ఎవరూ ఆమెను పరాయిదాన్ని చేయలేదు. ఆమె మాత్రం తాను వేరని ఎందుకనుకుంటుంది? అదే ఏడు ఎన్.టి. రామారావు నటించిన 'జయసింహ'లోనూ ఆమెకు ముఖ్య పాత్ర దక్కింది. 'రోజులు మారాయి' తమిళంలో 'కాలం మారిపోచ్చు' పేరుతో 1956లో వస్తే అందులోనూ ఆమె ఆడారు.

"ఉర్దూ వచ్చునా?"

హిందీ చిత్రాల దర్శకుడు గురుదత్ ఆ రోజుల్లో పనిమీద హైదరాబాదు వచ్చారు. ఒక పంపిణీదారుని కార్యాలయంలో కూర్చుని ఉండగా వీధిలో జనం గుమిగూడి కేకలు వేయడం వినిపించింది. ఏమిటని అడిగితే, ఒక్క పాటతో పేరు తెచ్చుకున్న కొత్త అమ్మాయి కారులో వచ్చిందని చెప్పారు. పేరు వహీదా రెహ్మాన్ అన్నారు. పేరు వినగానే గురుదత్‌కు వచ్చిన సందేహం, ఆ అమ్మాయికి ఉర్దూ వచ్చునా అని. ఆయన కబురు పంపించి కలుసుకున్నారు. కొద్ది మాటలే మాట్లాడారు. కొన్ని నెలల తరువాత బొంబాయి నుంచి పిలుపు వచ్చింది.

బళ్ళలో ఉర్దూ చదివితే ఏమొస్తుందని నన్ను అడిగే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. తెలుగు చదివితే ఏమొస్తుందని అడిగేవారూ మన మొహల్లాలలో ఉన్నారు. తెలుగు పాట ఆమెకు జనాన్ని ఇచ్చింది. ఇంటి ఉర్దూ ఆమెకు బొంబాయి తలుపు తీసింది. రెండు భాషలున్న బిడ్డకు రెండు తలుపులుంటాయి. ఇంతకు మించి నేను చెప్పేదేమీ లేదు.

అమ్మానాన్నలు పెట్టిన పేరు

బొంబాయిలో మొదటి చిత్రం 'సి.ఐ.డి.' 1956లో వచ్చింది. గురుదత్ నిర్మాత. రాజ్ ఖోస్లా దర్శకుడు. దేవానంద్ కథానాయకుడు. ఒప్పందం రాసేటప్పుడు పెద్ద చిక్కు వచ్చింది. వహీదా రెహ్మాన్ అన్న పేరు పొడుగ్గా ఉన్నదని, సినిమాకు పనికిరాదని, మార్చుకోవాలని దర్శకుడు చెప్పారు. అందులో వింత లేదు. యూసుఫ్ ఖాన్ దిలీప్ కుమార్ అయ్యారు. ముంతాజ్ జహాన్ మధుబాల అయింది. మహజబీన్ మీనాకుమారి అయింది. ఫాతిమా రషీద్ నర్గిస్ అయింది. అంత గొప్పవారే మార్చుకోగా లేనిది నీకేమిటని అడిగారు.

వహీదా ఒప్పుకోలేదు. అమ్మానాన్నలు పెట్టిన పేరు, అది నాకు నచ్చిన పేరు, మార్చను అన్నారు. వాళ్ళు మార్చుకుంటే అది వాళ్ళ ఇష్టమని కూడా అన్నారు. మైనరు కావడం చేత కాగితాల మీద తల్లి కూడా సంతకం చేయవలసిన వయసు అది. తండ్రి లేడు. చేతిలో డబ్బు లేదు. వచ్చిన అవకాశం పోతే మళ్ళీ వస్తుందో రాదో తెలియదు. అయినా అంత మంది పెద్దల ముందు ఆ పిల్ల తల్లి పక్కన కూర్చుని కాదని చెప్పింది. అక్కడితో ఆగలేదు. నాకు నచ్చని దుస్తులు వేసుకోను, ఆ మాట ఒప్పందంలో రాయమన్నది. కొద్ది రోజుల తర్జనభర్జన తరువాత రెంటికీ ఒప్పుకోక తప్పలేదు. ఆ సినిమా తీసేటప్పుడే ఒక పాటకు తెచ్చిన పల్చని జాకెట్టు తాను వేసుకోనన్నానని, చిత్రీకరణ ఆగినా పట్టు విడవలేదని ఆమె తరువాత చెప్పారు.

వహీదా అంటే ఒక్కతే అయినది, సాటి లేనిది అని అర్థం. అబ్దుర్రహ్మాన్ అంటే అపార కరుణామయుని దాసుడు. తండ్రి పేరులోని ఆ రెహ్మాన్ అనే మాట డెబ్భై ఏళ్ళుగా సినిమా తెరల మీద, గోడల మీది వాల్‌పోస్టర్ల మీద, అవార్డుల పలకల మీద ఉంది. చనిపోయిన తండ్రికి ఒక కూతురు ఇంతకన్నా ఏమి ఇవ్వగలదు?

హయా అంటే సిగ్గు, మర్యాద. అది ఇంట్లో కూర్చుంటేనే ఉంటుందని, గడప దాటితే పోతుందని మనలో చాలామంది భావిస్తారు. ఈ అమ్మాయి తన హయాను ఎవరి చేతుల్లోనూ పెట్టలేదు. ఒప్పందం కాగితం మీద రాయించుకుంది. పని చేసే చోట ఆడపిల్ల కాదనగలగడం ఎంత ముఖ్యమో ఈనాడు బట్టల దుకాణాల్లో, ఆసుపత్రుల్లో, కార్యాలయాల్లో పనిచేస్తున్న మన బిడ్డలను అడిగితే చెబుతారు.

లోకం వెలివేసిన ఆడవారి పాత్రలు

1957లో 'ప్యాసా' వచ్చింది. అందులో వహీదా వేసింది గులాబో అనే వేశ్య పాత్ర. లోకమంతా కాదన్న కవిని ఆమె ఒక్కతే గుర్తిస్తుంది. తరువాత 1959లో 'కాగజ్ కే ఫూల్'. మన దేశంలో మొదటి సినిమాస్కోప్ చిత్రం. ఆనాడు జనం చూడలేదు, ఈనాడు గొప్ప చిత్రమంటున్నారు. 1962లో 'సాహిబ్ బీబీ ఔర్ గులామ్'. అదే ఏడు సత్యజిత్ రే బెంగాలీలో తీసిన 'అభిజాన్'లోనూ ఆమె నటించారు. 1963లో 'ముఝే జీనే దో'లో ఒక బందిపోటును పెళ్ళాడే తవాయిఫ్. 1966లో వచ్చిన 'తీస్రీ కసమ్'లో ఊరూరా తిరిగే నౌటంకీ బృందంలోని హీరాబాయి. ఎడ్లబండి తోలే అమాయకుడు ఆమెను దేవతలా చూస్తాడు. ఆమెకు మాత్రం లోకం తనను ఎలా చూస్తుందో తెలుసు.

వీటన్నిటి మధ్య 1965 నాటి 'గైడ్' ఒకటి. ఆర్.కె. నారాయణ్ నవల ఆధారంగా విజయ్ ఆనంద్ తీశారు. అందులో రోజీ దేవదాసి కూతురు. చదువుకున్న పెద్దమనిషికి భార్య అయింది. భర్త దృష్టిలో నాట్యం హీనమైన పని. ఆమె గజ్జెలు దాచుకొని బతుకుతుంది. చివరికి ఆ ఇల్లు విడిచి నర్తకి అవుతుంది. భర్తను విడిచిన స్త్రీ పాత్ర వేస్తే నీ పేరు పోతుందని చాలామంది వహీదాను హెచ్చరించారు. ఆమె వినలేదు. చిన్ననాడు నేర్చిన భరతనాట్యం అంతా ఆ చిత్రంలో ఉపయోగపడింది. ఫిలింఫేర్ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. 'నీల్ కమల్' (1968) చిత్రానికి రెండోసారి వచ్చింది. 1971 నాటి 'రేష్మా ఔర్ షేరా'కు జాతీయ ఉత్తమ నటి పురస్కారం, 1972లో పద్మశ్రీ లభించాయి.

వేశ్య, తవాయిఫ్, నౌటంకీ నర్తకి, దేవదాసి బిడ్డ. వరుసగా చూస్తే ఇవన్నీ లోకం రాత్రి చూసి, పగలు మొహం తిప్పుకొనే ఆడవారి పాత్రలు. ఆ పాత్రలలో ఒక్కదాన్నీ ఆమె చులకన చేయలేదు. చూసేవారి చేతా చులకన చేయించలేదు. కూతుళ్ళకు గజ్జెలు కడతావా అని తన తండ్రిని అడిగిన చుట్టాల మాట ఆమె మరిచి ఉండరనుకుంటాను.

మన ఇళ్ళ కథ

మన పాఠకులలో పెద్దవారికి వహీదా పేరు చెప్పగానే గుర్తొచ్చేది 1960లో వచ్చిన 'చౌద్‌వీ కా చాంద్'. లక్నో నగరం, నవాబుల ఇళ్ళు, అదబ్, తహజీబ్, షేర్వానీలు. కథ మాత్రం పర్దా మీద నడుస్తుంది. జమీలా ముఖాన్ని ఒక్క క్షణం చూసి ఒక నవాబు మనసు పారేసుకుంటాడు. ఆమె ఎవరో తెలియదు. ముసుగుల తికమకలో అదే జమీలాను అతని ప్రాణమిత్రుడు పెళ్ళాడతాడు. ఇద్దరు స్నేహితులు ఒకరి కోసం ఒకరు త్యాగానికి సిద్ధపడతారు. తన భార్యనే స్నేహితుడు ప్రేమిస్తున్నాడని తెలిసి భర్త పడే వేదన కథకు కీలకం.

స్నేహితుల త్యాగాన్ని ఆనాటి జనం మెచ్చుకున్నారు. చిత్రం బాగా ఆడింది. అయితే అందులో జమీలాను ఎవరూ ఏమీ అడగరు. నీకేమి కావాలని ఒక్కరూ అడగరు. మగవారిద్దరూ ఆమెను గురించి తమలో తామే నిర్ణయించుకుంటారు. ఆ రోజు మా బడి వరండాలో ఆ మేనమామ, నేను కూర్చుని మాట్లాడుతుంటే గడప దగ్గర తల్లి, బిడ్డ నిలబడి ఉన్నారని పైన రాశాను. వారిని మేమూ అడగలేదు. ఆ సంగతి నాకు తట్టడానికి చాయ్ సగం అయింది.

నోరు కట్టుకున్న మనిషి

గురుదత్ 1964 అక్టోబరు 10న, ముప్పై తొమ్మిదేళ్ళకే చనిపోయారు. ఆయనకూ వహీదాకూ ముడిపెట్టి ఆనాటి నుంచి ఈనాటి వరకు రాసినవారు, చెప్పుకున్నవారు లెక్కలేనంత మంది. ఆ కథలేవీ ఇక్కడ రాయను. వహీదా కూడా వాటికి జవాబు చెప్పలేదు. ఆయన తనకు సినిమా నేర్పిన గురువు అని మాత్రం ఎప్పుడూ గౌరవంగా చెబుతారు. నా సొంత జీవితం నా సొంతం అన్నది ఆమె నియమం. ఆయన కుటుంబాన్ని గురించి గాని, తనను ఆడిపోసుకున్నవారిని గురించి గాని ఆమె పల్లెత్తు మాట అన్నట్టు నేనెక్కడా చదవలేదు.

లేనివారిని గురించి చెడు మాట్లాడటం గీబత్. చచ్చిన సోదరుని మాంసం తినడంతో దాన్ని పోల్చింది ఖుర్ఆన్. జుమా నాడు ఈ మాట విని, సాయంత్రం చాయ్ హోటల్లో కూర్చుని సినిమా వాళ్ళ ఇళ్ళలోని సంగతులు నంజుకు తినేవాళ్ళం మనం. ఎవరి నడవడి మీద ఎవరు తీర్పు చెబుతున్నట్టు?

1974లో ఆమె శశి రేఖీని పెళ్ళి చేసుకున్నారు. ఆయన కమల్‌జీత్ అనే పేరుతో 1964 నాటి 'శగూన్' చిత్రంలో ఆమె సరసన నటించినవారు. పంజాబీ హిందూ కుటుంబం. ఈ పెళ్ళి మీదా మనవారు చాలా మాట్లాడారు. షరీఅత్ ఏమి చెబుతుందో నేను ఎరుగుదును. దానిని దాచనక్కరలేదు. అయితే ఆమె లెక్క ఆమె, ఆమెను సృష్టించినవాడు చూసుకుంటారు. నా కంటికి కనబడేది, ఇరవై ఆరేళ్ళు సాగిన కాపురం. ఇద్దరు పిల్లలు. బెంగుళూరు దగ్గర పొలం కొనుక్కుని సినిమాలు తగ్గించుకున్న ఇల్లాలు. 2000 నవంబరులో భర్త చనిపోయారు. ఆమె బొంబాయికి తిరిగి వచ్చారు. తల్లి ఎదుర్కొన్నదే కూతురూ ఎదుర్కొంది. ఆమె కూడా తల్లి లాగే ఏడుస్తూ కూర్చోలేదు. మళ్ళీ పనిలోకి వచ్చారు. 2006లో 'రంగ్ దే బసంతీ'లో కొడుకును పోగొట్టుకున్న తల్లిగా ఈ తరం పిల్లలకూ తెలిశారు.

తెలుగును ఆమె మరవలేదు. 1974లో 'బంగారు కలలు', 1986లో కృష్ణ తీసిన 'సింహాసనం', 2006లో 'చుక్కల్లో చంద్రుడు' చిత్రాలలో నటించారు. తన మొదటి తెలుగు చిత్రపు కథానాయకుడు అక్కినేనితో, యాభై ఏళ్ళ తరువాత ఈ చివరి దానిలో మళ్ళీ కనిపించారు. అన్నిటికన్నా నాకు ముచ్చట కలిగించేది మరొకటి. పెద్ద వయసులో ఆమె కెమెరా పట్టుకొని అడవులకు వెళ్ళి జంతువుల ఫొటోలు తీయడం మొదలుపెట్టారు. దేశంలోని అడవులే కాక ఆఫ్రికా దాకా వెళ్ళారు. అభయారణ్యం గడపలో కాపురముంటూ ఏనాడూ అడవిలోకి తొంగిచూడని మా ఏటూరునాగారం పెద్దవాళ్ళకు ఈ మాట చెబితే నవ్వుకున్నారు.

చాయ్ అయిపోయాక

2023 సెప్టెంబరు 26న కేంద్ర ప్రభుత్వం 2021వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారాన్ని వహీదా రెహ్మాన్‌కు ప్రకటించింది. ఆమెతో ఎన్నో చిత్రాలలో నటించిన దేవానంద్ నూరో పుట్టినరోజు కూడా అదే. అక్టోబరు 17న ఢిల్లీలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము చేతుల మీదుగా ఎనభై అయిదేళ్ళ వయసులో ఆమె దానిని అందుకున్నారు. 2011లోనే పద్మభూషణ్ వచ్చింది. 'రోజులు మారాయి' కథానాయకుడు అక్కినేనికి 1990వ సంవత్సరపు ఫాల్కే పురస్కారం దక్కింది. అదే చిత్రంలో ఒక్క పాటకు ఆడిపోయిన పిల్లకూ చివరికి అదే గౌరవం దక్కింది.

మన ఆడపిల్లలందరూ నర్తకులు కావాలని గాని, సినిమాలలోకి పోవాలని గాని నేను అనడం లేదు. ఆ లోకం ఎంతమందిని మింగిందో అందరికీ తెలుసు. మధుబాల ముప్పై ఆరేళ్ళకు, మీనాకుమారి ముప్పై ఎనిమిదేళ్ళకు పోయారు. వహీదా నిలబడటానికి కారణాలు వెదికితే నాకు మూడు కనిపించాయి. బిడ్డ విద్యను నమ్మిన తండ్రి. ఒప్పందం దగ్గర పక్కన కూర్చున్న తల్లి. కాదు అని చెప్పగలిగిన ఆ పిల్ల నోరు. ఈ మూడింటిలో మొదటి రెండూ మన చేతుల్లో ఉన్నవే. మూడోది ఆ రెంటి వల్ల వస్తుంది.

ఆ రోజు ఇంత వివరంగా కాకపోయినా ముఖ్యమైన సంగతులు మేనమామ గారికి చెప్పాను. "ఏరువాక పాట ఆడింది మన పిల్లా!" అని ఆయన ఒకటికి రెండుసార్లు అన్నారు. అప్పుడు నేను గడప వైపు తిరిగి తల్లిని అడిగాను, "బహెన్, మీరేమంటారు?" అని. ఆమె కొంగు సవరించుకుని, "పిల్ల నెల నుంచి నేర్చుకుంటోంది సాబ్. వాళ్ళ అబ్బా ఉంటే వద్దనేవాడు కాదు" అన్నది. పిల్లను అడిగితే తల ఎత్తి, "ఆడతాను సార్" అన్నది. మేనమామ అవునని అనలేదు, కాదనీ అనలేదు. చాయ్ గ్లాసు కింద పెట్టి సలాం చెప్పి వెళ్ళిపోయారు.

వార్షికోత్సవం నాడు ఆ పిల్ల మోచేతులు దాటిన రవిక, కాళ్ళు కప్పిన పావడాతో ఆడింది. తల్లి తన మిషన్ మీద కుట్టినవే. నీకు నచ్చినట్టు కుట్టానా అని ముందే పిల్లను అడిగి కుట్టిందట. పాట మొదలైనప్పుడు చూస్తే మేనమామ గారు జనం వెనుక గేటు పక్కన నిలబడి ఉన్నారు. కూర్చోమంటే కూర్చోలేదు. పాట అయ్యేదాకా మాత్రం వెళ్ళలేదు.

ఇరవై ఏళ్ళ కిందట నేను కొట్టేసిన పేరు గల అమ్మాయి ఇప్పుడు ఇద్దరు బిడ్డల తల్లి. ఈ మధ్య బస్టాండులో కనిపిస్తే ఆగి, నాటి సంగతి ఎత్తి, మాఫ్ చేయమని అడిగాను. ఆమె నవ్వి, "మీకింకా గుర్తుందా సార్! ఆ రోజు మీరు నన్ను ఒక్క మాట అడుగుతారని చూశాను" అన్నది.

అడగడానికి ఖర్చేమీ లేదు. మన ఇళ్ళలో ఈ వారం ఎవరిదైనా పేరు కొట్టేయవలసి వస్తే, కలం తీయడానికి ముందు ఆ పేరు గల బిడ్డను ఒక్క మాట అడుగుదాం.